దాత అండంతో పుట్టే బిడ్డకు నేను కన్నతల్లిని అవుతానా? (రాయగడ నుంచి ఒక ప్రశ్న)

ప్రశ్న: నాగావళి, రాయగడ

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. నా వయసు 38 సంవత్సరాలు, మా వారికి 42. మాకు పెళ్లయి పదకొండేళ్లు గడిచాయి. నేను ఇక్కడ ఒక ఒడియా మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయినిని. మా వారికి బజారులో ఇనుప సామాన్ల దుకాణం ఉంది. ఊళ్లో ఒడియా మాట్లాడినా ఇంట్లో మాది తెలుగే కాబట్టి, ఎవరితోనూ చెప్పుకోలేకపోతున్న ఈ విషయాన్ని తెలుగువారి మధ్యనే అడగాలనిపించి రాస్తున్నాను.

గత మూడేళ్లలో విశాఖపట్నంలో రెండుసార్లు ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరించి, పిండాన్ని గర్భంలో ఉంచే చికిత్స) చేయించుకున్నాం. మొదటిసారి పన్నెండు రోజులు ఇంజెక్షన్లు తీసుకుంటే మూడు అండాలే వచ్చాయి. వాటిలో ఒక్కటే పిండంగా ఎదిగింది, అదీ నిలవలేదు. రెండోసారి నిలిచింది. ఏడో వారం స్కానింగులో గుండె చప్పుడు విన్నాం, తొమ్మిదో వారానికి ఆ చప్పుడు ఆగిపోయింది. ఆ సాయంత్రం తిరుగు రైలులో పార్వతీపురం దాటేవరకు మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. అండాల నిల్వను తెలిపే రక్త పరీక్షలో నా ఏఎంహెచ్ విలువ 0.3 మాత్రమే ఉందని, అండాశయాల్లో నిల్వ దాదాపు అడుగంటిందని, ఇక నా అండాలతో ప్రయత్నించడం కంటే దాత అండంతో ఐవీఎఫ్‌కు వెళ్లడం మేలని డాక్టరు గారు చెప్పారు.

ఆ మాట విని నాలుగు నెలలైంది. బొబ్బిలిలో ఉన్న మా చెల్లెలికి 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. విషయం తెలియగానే తన అండం ఇస్తానని ముందుకొచ్చింది. ఆసుపత్రివారు మాత్రం అలా కుదరదని, దాతల అండాలను సమకూర్చే బ్యాంకు ద్వారా వచ్చే అజ్ఞాత దాత అండాన్నే వాడాలని అంటున్నారు. ఇది నిజంగా చట్టమా, లేక ఆ ఆసుపత్రి పద్ధతా అన్నది నాకు అర్థం కాలేదు. దీనికి తోడు, రెండేళ్ల క్రితం ఇక్కడి ఆరోగ్య శిబిరంలో రక్త పరీక్ష చేసి మా వారికి సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) వాహక లక్షణం, అంటే తనకు జబ్బు లేకున్నా బిడ్డకు అందించగల లక్షణం, ఉందని కార్డు ఇచ్చారు. నాకు ఆ లక్షణం లేదు కాబట్టి అప్పట్లో భయపడనక్కరలేదన్నారు. ఇప్పుడు అండం వేరొకరిదైతే ఆ లెక్క మారదా?

మా అత్తగారు మాతోనే ఉంటారు. నన్ను ఎన్నడూ ఒక్క పరుష వాక్యం అనలేదు, నా కోసం మజ్జిగౌరి అమ్మవారికి మొక్కుకున్నారు కూడా. అయితే టీవీలో ఇలాంటి విషయం వచ్చినప్పుడు, "విత్తు ఒకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా" అని ఆమె యథాలాపంగా అన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. బంధువుల్లో తెలిసిన ఒకరిద్దరు, 2019లో గుంటూరులో 74 ఏళ్లావిడకే కవలలు పుట్టారు కదా, నీకేం తొందర అంటున్నారు.

అడగవలసినవి చాలా ఉన్నా నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది ఒక్కటే. ఆ బిడ్డ నన్ను అమ్మా అని పిలిచినప్పుడు, ఆ పిలుపు నాదేనని నా మనసు ఒప్పుకుంటుందా? ఈ దారిలో నడిచినవారు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు 1: పర్లాకిమిడి అమ్మ

చెల్లీ, నీ ప్రశ్న చదివి ఏడేళ్ల క్రితం నన్ను నేను చూసుకున్నట్టయింది. నాకు 34 ఏళ్లకే నెలసరి ఆగిపోయింది. 2018లో, అంటే ఇప్పటి చట్టం రాకముందు, దాత అండంతో చికిత్స చేయించుకున్నాను. మా అమ్మాయి ఇప్పుడు బడికి వెళ్తోంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండూ గలగలా మాట్లాడుతుంది.

ముందుగా ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే నాకు ఇది ఎవరూ చెప్పలేదు. దాత అండానికి ఒప్పుకోవడమంటే కొత్త చికిత్సకు సంతకం పెట్టడం మాత్రమే కాదు, నీ అండంతో పుడుతుందని ఇన్నేళ్లూ ఊహించుకున్న బిడ్డకు వీడ్కోలు చెప్పడం కూడా. మా అమ్మ కళ్లు, మా నాన్నగారి నవ్వు ఆ బిడ్డలో చూడాలనుకున్నాను. అది జరగదని తెలిసినప్పుడు నాకు కలిగిన దుఃఖం ఒక మనిషి పోయినప్పటి దుఃఖంలాగే ఉండేది. డాక్టరు చెప్పిన పది రోజులకే మా వారు డబ్బు సిద్ధం చేశారు, కానీ నేను ఏడు నెలలు ఆగమన్నాను. ఆ ఏడు నెలలు వృథా కాలేదని నా నమ్మకం. ఏడుపు పూర్తి కాకుండా చికిత్సకు వెళ్లి ఉంటే, బిడ్డ ముఖంలో ఆ పోయిన పోలికల కోసం వెతుకుతూ ఉండేదాన్నేమో. నువ్వు నాలుగు నెలలుగా తేల్చుకోలేకపోతున్నావంటే నీలో లోపమేమీ లేదు.

మీ అత్తగారి సామెత గురించి. మా అమ్మది రైతు కుటుంబం, మహేంద్రతనయ ఒడ్డున మాకు కొద్దిపాటి పొలం ఉండేది. ఒకరోజు నేను ఇదే మాట పెట్టుకుని ఏడుస్తుంటే ఆమె ఇలా అంది: "ఆకుమడిలో మొలిచిన నారును తీసి వేరే మడిలో ఊడుస్తాం. నాలుగు నెలలు నీళ్లు తాగి, ఎరువు తిని, అక్కడే పొట్టపోసుకుని, అక్కడే పండుతుంది. కోసేటప్పుడు ఆ ధాన్యం ఏ మడిదంటారమ్మా?" విత్తనం మారదు, వరి వరిగానే పండుతుంది, ఆ సంగతి మా అమ్మకూ తెలుసు. అయినా ఆ మాటతో నా గుండె కుదుటపడింది. ఇంకొకటి నేనే కనిపెట్టాను. మన భాషలో కన్నతల్లి అంటే కన్న తల్లి. అండం ఎవరిదన్న ప్రశ్న ఆ మాటలో ఎక్కడా లేదు. మోసి, నొప్పులు పడి, కన్నదెవరో వారినే ఆ మాట చెబుతుంది. నువ్వు పెంచిన తల్లివి మాత్రమే అవుతావని ఎవరైనా అంటే, వారికి తెలుగు సరిగా రాదని అనుకో.

కష్టాలు దాచను. ఏడో నెల దాటాక నాకు రక్తపోటు పెరిగింది. కాళ్లు, ముఖం వాచాయి. బరంపురంలో చేర్చి 36వ వారంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పుట్టినప్పుడు రెండు కిలోల రెండు వందల గ్రాములు. మొదటి రెండు రోజులు పాలు పడలేదు, మూడో రోజు పడ్డాయి. నా మనసు ఒప్పుకుంటుందా అని నువ్వు అడిగావు. నిజం చెప్పాలంటే బిడ్డను మొదట చేతికిచ్చిన క్షణంలో నాకు ప్రేమ కంటే భయమే ఎక్కువ కలిగింది. మూడో వారంలో ఒక రాత్రి అది నా గొంతు విని ఏడుపు ఆపింది, వేరెవరు ఎత్తుకున్నా ఆపలేదు. ఆ తరువాత నేను ఆ ప్రశ్న మళ్లీ వేసుకోలేదు.

ఒక్క హెచ్చరిక. ఆ రోజుల్లో మధ్యవర్తి ఒకాయన మాకు అమ్మాయిల ఫోటోలు చూపించి, రంగు తెల్లగా ఉంటే ఒక ధర, డిగ్రీ చదివి ఉంటే ఒక ధర చెప్పాడు. ఆ ఫోటోల్లోని పిల్లల ముఖాలు చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది. మేము లేచి వచ్చేశాం. ఇలాంటివాళ్లు ఇప్పటికీ ఎదురుపడవచ్చు, వాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకు.

జవాబు 2: బరంపురం సిస్టర్

అమ్మా నాగావళీ, నేను ప్రసూతి వార్డుల్లో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి విరమించాను. మీ వైద్యుల మాటకు బదులుగా కాకుండా, వారిని ఏమేమి అడగాలో తెలిసేందుకు ఇది చదవండి.

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల అండాలుంటాయి, రజస్వల అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి, ఆ తరువాత కొత్తవి పుట్టవు. కాబట్టి ఏఎంహెచ్ పెంచుతామని ఎవరైనా పొడులు, కషాయాలు అమ్మితే కొనకండి. ఏఎంహెచ్ చెప్పేది మిగిలిన అండాల సంఖ్యను గురించి. వాటి నాణ్యతను ప్రధానంగా నిర్ణయించేది వయసు. వయసు పెరిగేకొద్దీ అండంలో క్రోమోజోముల పంపకం తప్పే అవకాశం ఎక్కువవుతుంది, తొలి వారాల్లో గర్భం పోవడానికి ఎక్కువసార్లు కారణం అదే. మీ తొమ్మిదో వారపు నష్టం మీ నడక వల్లనో, రైలు ప్రయాణం వల్లనో జరిగిందని మనసులో ఎక్కడైనా ఉంటే దాన్ని ఇప్పుడే తీసేయండి. దాత అండం విషయంలో విజయావకాశం ఎక్కువగా దాత వయసుపై ఆధారపడుతుంది, గర్భం మోసే స్త్రీ వయసుపై కాదు. అంతమాత్రాన ఒక్కసారికే అందరికీ నిలుస్తుందని అనుకోకూడదు.

అయితే దాత అండానికి ముందు ఒక పని ఉంది, దీన్ని చాలామంది దాటవేస్తారు. అండం మార్చినంత మాత్రాన గర్భాశయం మారదు. మీ గర్భాశయాన్ని హిస్టరోస్కోపీతో, అంటే లోపలికి సన్నని కెమెరా పంపి, చూశారా? లోపలి పొరలో క్షయ ఉందేమో పరీక్షించారా? జననాంగ క్షయ మన దేశంలో సంతానలేమికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. దగ్గు, జ్వరం ఏవీ లేకుండానే అది లోపల ఉండవచ్చు. థైరాయిడ్, షుగర్, రక్తపోటు కూడా సరిచూసుకున్న తరువాతే ముందుకు వెళ్లండి.

చికిత్స మీ వరకు పోయినసారి కంటే తేలికగానే ఉంటుంది. ఇంజెక్షన్లు, మత్తులో అండాలు తీయడం దాతకు జరుగుతాయి, మీకు కాదు. మీకు సుమారు రెండు వారాలు ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చి గర్భాశయం లోపలి పొర మందం స్కానింగులో చూస్తారు. ఏడెనిమిది మిల్లీమీటర్లకు చేరాక ప్రొజెస్టిరోన్ మొదలుపెడతారు. దాత అండాన్ని మీ వారి వీర్యకణంతో ఫలదీకరణ చేసి, అయిదో రోజు పిండాన్ని సన్నని గొట్టంతో లోపల ఉంచుతారు. ఒకే పిండం పెట్టమని అడగండి. ఒకేసారి ఇద్దరు పుడితే అదృష్టమని మనవాళ్లు అనుకుంటారు కానీ, నెలలు నిండకుండా పుట్టిన కవలల కోసం తల్లులు గాజు పెట్టెల పక్కన నెలల తరబడి కూర్చోవడం నేను చూశాను. పిండం ఉంచిన రెండు వారాలకు గర్భం నిలిచిందో లేదో తెలిపే బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష చేస్తారు. గర్భం నిలిచాక పది, పన్నెండు వారాలు వచ్చేవరకు ఆ హార్మోన్ మందులను డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకూడదు, ఎందుకంటే అంతవరకు ఆ గర్భాన్ని నిలబెట్టేది ఆ మందులే. రాయగడలో ఆ మందు దొరకకపోతే ఎలాగన్నది ముందే ఆలోచించి, నెల రోజులకు సరిపడా విశాఖ నుంచే తెచ్చుకోండి.

సికిల్ సెల్ సంగతి మీరు సరిగానే పట్టుకున్నారు. కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో ఈ లక్షణం తరచుగా కనిపిస్తుంది. తండ్రి వాహకుడై, అండం ఇచ్చిన స్త్రీ కూడా వాహకురాలైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దాతకు ఆ లక్షణం లేకపోతే బిడ్డకు జబ్బు రాదు, వాహకత్వం మాత్రం సగానికి సగం రావచ్చు. మీ రక్త పరీక్ష ఇప్పుడు ఈ లెక్కలోకి రాదు, దాతదే వస్తుంది. కాబట్టి దాతకు హిమోగ్లోబిన్ రకాలను చూపే హెచ్‌పీఎల్‌సీ రక్త పరీక్ష చేశారా, సికిల్, తలసీమియా (ఇదీ వంశపారంపర్య రక్తపు జబ్బే) రెండూ లేవని తేలిందా అని వ్రాతపూర్వకంగా అడగండి. మీ వారి కార్డు నకలును కేసు ఫైలులో పెట్టించండి. విశాఖలో కూర్చున్నవారికి ఇది మీరు చెబితే తప్ప గుర్తుకు రాకపోవచ్చు.

చివరిగా ఒకటి. పర్లాకిమిడి అమ్మగారికి జరిగినట్టు, దాత అండంతో వచ్చిన గర్భాల్లో రక్తపోటు పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే పరిస్థితి మామూలు గర్భాల కంటే ఎక్కువగా వస్తుంది. రాయగడలో మీకు నెలనెలా చూసే డాక్టరుకు ఇది దాత అండమని తప్పక చెప్పాలి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది: మూడో నెలలో చేసే డబుల్ మార్కర్ పరీక్షలో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (క్రోమోజోము ఎక్కువై వచ్చే లోపం) ముప్పును లెక్కించేటప్పుడు మీ వయసు వేయకూడదు, దాత వయసు వేయాలి. ఆ ఒక్క మాట దాచినందువల్ల తప్పుడు అంకె వచ్చి, అవసరం లేని ఉమ్మనీటి పరీక్ష దాకా వెళ్లిన కుటుంబం నాకు తెలుసు. ఊరందరికీ చెప్పనవసరం లేదు, కానీ వైద్యం చేసేవారి దగ్గర దాచవద్దు.

గుంటూరు ఉదాహరణను మాత్రం కొలబద్దగా తీసుకోవద్దు. ఆ వయసులో గర్భం గుండెకు, రక్తనాళాలకు ఎంత ప్రమాదమో వార్డులో పనిచేసినవారికి తెలుసు. మీరు 38లో ఉన్నారు. తొందర లేదన్న మాట నిజం కాదు, సమయం మించిపోయిందన్న మాట కూడా నిజం కాదు.

జవాబు 3: గుణుపురం వాసి

నాగావళి గారికి నమస్కారం. నేను తండ్రి స్థానంలో ఉండి రాస్తున్నాను. మాకు దాత అండంతో పుట్టిన బాబు ఉన్నాడు, అయిదేళ్లు నిండాయి. ఈ సంగతి నాకు, నా భార్యకు, వైద్యులకు తప్ప ఎవరికీ తెలియదు, మా పెద్దలు బతికి ఉన్నంతకాలం చెప్పకూడదని నిర్ణయించుకున్నాం. మాది చిన్న ఊరు. ఒకరి ఇంట్లో కూర ఏమిటో మరో వీధిలో తెలిసిపోతుంది. పిల్లవాడిని బడిలో ఎవరైనా ఒక్క మాట అంటే దాన్ని మేము వెనక్కి తీసుకోలేం. అందరూ అందరికీ చెప్పుకోవాలన్న సలహా పట్టణాలవారికి సరిపోతుందేమో కానీ, మనలాంటి చోట్ల మౌనం కూడా బిడ్డకు ఒక రక్షణే. మీ ఇంటి పరిస్థితిని మీరే తూచుకోండి.

జవాబు 4: పర్లాకిమిడి అమ్మ

గుణుపురం అన్నయ్యా, మీ భయం నాకు తెలుసు, అదే భయంతో నేనూ రెండేళ్లు గడిపాను. ఊరికి చెప్పనవసరం లేదన్న మీ మాటతో ఏకీభవిస్తాను. బిడ్డకు చెప్పకపోవడం మాత్రం వేరే విషయమని నాకనిపిస్తుంది. రేపు వాడు తొమ్మిదో, పదో తరగతిలో రక్తవర్గాల పాఠం చదువుతాడు. డాక్టరు దగ్గర మీ ఇంట్లో అమ్మ వైపు షుగర్ ఉందా అని అడిగితే తప్పు జవాబు చెబుతాడు. డీఎన్ఏ పరీక్షలు ఇప్పుడు ఇంటికే వస్తున్నాయి. పాతికేళ్ల వయసులో తెలిస్తే బాధపెట్టేది అండం సంగతి కాదు, అమ్మానాన్నలు ఇన్నేళ్లు దాచారన్న సంగతి.

మేము మా అమ్మాయికి మూడో ఏట నుంచే పడుకునేటప్పుడు కథలా చెప్పాం. అమ్మ పొట్టలో బుజ్జి ఇల్లు ఉంది కానీ గింజ లేదు, ఒక మంచి పిన్ని ఒక గింజ ఇచ్చింది, నాన్న ఇంకో సగం ఇచ్చాడు, ఆ ఇంట్లో నువ్వు పెరిగావు అని. మొదటిసారి విన్నప్పుడు అది అడిగిన ప్రశ్న, "ఆ ఇంట్లో ఫ్యాను ఉందా?" అని. పెద్దయ్యాక కష్టమైన ప్రశ్నలు వస్తాయి, వాటికీ సిద్ధంగానే ఉన్నాను. మా అత్తగారికి మాత్రం బిడ్డ పుట్టిన రెండు నెలలకు చెప్పాను. ఆమె ఒక రోజంతా మాట్లాడలేదు. మర్నాడు నలుగు పెట్టి నీళ్లు పోయడానికి బిడ్డను తనే కాళ్ల మీద వేసుకున్నారు.

జవాబు 5: జయపురం వకీలు

నాగావళి గారికి, చట్టానికి సంబంధించినంతవరకు వివరిస్తాను. ఇది ఆసుపత్రి సొంత పద్ధతి కాదు. 2021లో పార్లమెంటు చేసిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. అది కేంద్ర చట్టం కాబట్టి మీరు భువనేశ్వర్‌లో చికిత్స తీసుకున్నా, విశాఖలో తీసుకున్నా అదే వర్తిస్తుంది. దాతలను పరీక్షించి అండాన్ని సమకూర్చే పని స్వతంత్రంగా నమోదైన బ్యాంకు మాత్రమే చేయాలని 27వ సెక్షన్ చెబుతోంది. మీ ఆసుపత్రి మీ చెల్లెలి అండాన్ని నేరుగా తీసుకోవడానికి నిరాకరించింది ఇందువల్లనే. మీ చెల్లెలి ప్రేమను తక్కువ చేయడం కాదు గానీ, కుటుంబాల తగాదాలు చూసినవాడిగా నాకు ఇది మేలే అనిపిస్తుంది. పండుగకు వచ్చిన పిన్ని ఆ బిడ్డను కాస్త ఎక్కువసేపు ఎత్తుకున్నా ఇద్దరి మనసుల్లో ఏదో కదులుతుంది.

దాత వయసు 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి. ఆమె జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలి, ఏడుకు మించి తీయకూడదు, ఒక దాత అండాలను ఒక దంపతులకు మించి ఇవ్వకూడదు. ఏడింటిలో అన్నీ పిండాలు కావు కాబట్టి, ప్రయత్నం విఫలమైతే మళ్లీ మరో దాత, మరో ఖర్చు అన్నది లెక్కలో ఉంచుకోండి. దాతకు పన్నెండు నెలల ఆరోగ్య బీమా మీరు చేయించాలి. ఆ ఖర్చు చూసి విసుక్కోవద్దని నా మనవి. మత్తు, సూది, అండాశయాలు ఉబ్బే ప్రమాదం, ఇవన్నీ మీ కోసం ఒక స్త్రీ భరిస్తోంది. చికిత్స పొందే స్త్రీ 50, పురుషుడు 55 ఏళ్ల లోపు ఉండాలి కాబట్టి, గుంటూరులో జరిగినది ఈనాడు ఈ దేశంలో చట్టబద్ధంగా జరగడానికి వీలు లేదు.

మీ గుండెలోని ప్రశ్నకు చట్టం కూడా ఒక జవాబు ఇచ్చింది. 31వ సెక్షన్ ప్రకారం ఈ విధంగా పుట్టిన బిడ్డను ఆ దంపతుల జీవసంబంధ సంతానంగానే భావించాలి. సహజంగా పుట్టిన బిడ్డకు ఉండే హక్కులన్నీ, ఆస్తి హక్కుతో సహా, ఉంటాయి. దాతకు తల్లిగా ఏ హక్కూ ఉండదు. దత్తత పత్రం అవసరం లేదు, రేపు ఏ దాయాదీ ఈ కారణంతో వాటా కాదనలేడు.

సంతకాలు పెట్టేముందు ఆసుపత్రికి ఐవీఎఫ్ చేయదగిన రెండో స్థాయి క్లినిక్‌గా నమోదు ఉందో లేదో, బ్యాంకుకు విడిగా నమోదు ఉందో లేదో చూడండి. ఆ ధ్రువపత్రాలు చూపించమని అడగడం మీ హక్కు. సమ్మతి పత్రాన్ని మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి, నకలు ఇంటికి తెచ్చుకోండి. పిండాన్ని గర్భంలో ఉంచే క్షణం ముందువరకు మీరు సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. అండాలను అమ్మడం, మధ్యవర్తిగా ఆ వ్యాపారం నడపడం నేరం: మొదటిసారి అయిదు నుంచి పది లక్షల రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ల జైలు కూడా. మగబిడ్డ కావాలా, ఆడబిడ్డ కావాలా అని ఎవరైనా అడిగితే అదీ నేరమే, అక్కడి నుంచి బయటికి వచ్చేయండి.

జవాబు 6: కోరాపుట్ నుంచి ఒక తల్లి

సోదరీ, మేము మీలాగే రెండుసార్లు విఫలమై, దాత అండం దగ్గర ఆగి, దత్తత వైపు తిరిగాం. నాకు గర్భం మోయాలన్న కోరిక అప్పటికి చల్లారింది, తల్లిని కావాలన్న కోరిక మాత్రం చల్లారలేదు. ఈ రెండూ వేరువేరు కోరికలని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. మీలో ఏది బలంగా ఉందో చూసుకోండి. దత్తత కోసం కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసుల మొత్తం 85కు మించకూడదు. మీ ఇద్దరివీ కలిపితే 80, అంటే ఆ దారి ఇంకా తెరిచే ఉంది. మేము మాత్రం మా బాబు కోసం మూడేళ్లకు పైగా ఎదురుచూశాం, కాబట్టి ఆ ఆలోచన ఏమాత్రం ఉన్నా నమోదును వాయిదా వేయకండి.

నాగావళి, రాయగడ

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అన్నీ రెండు రోజులు మళ్లీ మళ్లీ చదివాను, మా వారితోనూ చదివించాను. కోరాపుట్ అక్కయ్య అడిగిన ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను. మోయాలని ఉంది. తొమ్మిది వారాలు మోసినప్పటి ఆ బరువు లేని బరువు నా శరీరానికి ఇంకా గుర్తుంది.

గుణుపురం అన్నయ్యగారి మాటను నేను కొట్టిపారేయలేను, మా వీధి కూడా అలాంటిదే. అయినా ఇంట్లో ఉన్న పెద్దావిడ దగ్గర దాచి తొమ్మిది నెలలు గడపడం నా వల్ల కాదని తేల్చుకుని, నిన్న రాత్రి వంట పూర్తయ్యాక మా అత్తగారికి మొత్తం చెప్పాను. ఆమె చాలాసేపు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉన్నారు. తరువాత తలెత్తి, "మోసేది నువ్వేనా?" అని అడిగారు. నేనే అన్నాను. "పాలు ఇచ్చేది?" అన్నారు. అదీ నేనే అన్నాను. "మరి ఆ ఇచ్చే పిల్లకు ఏమీ కాదు కదా?" అని అడిగారు. వకీలు గారు చెప్పిన బీమా సంగతి, ఏడు అండాల పరిమితి చెప్పాను. ఇంకేమీ మాట్లాడకుండా లేచి వెళ్లారు. ఈ ఉదయం కాఫీ ఇస్తుంటే, ఈసారి విశాఖ వెళ్లేటప్పుడు తనకు కూడా రైలు టిక్కెట్టు తీయమన్నారు.

బరంపురం సిస్టర్ గారూ, నా పాత కాగితాలన్నీ వెతికాను, హిస్టరోస్కోపీ ఎక్కడా కనబడలేదు. దాన్ని బరంపురంలో చేయించుకుని ఆ రిపోర్టుతో విశాఖ వెళ్లవచ్చా, లేక అక్కడే చేయించుకోవాలా?

బరంపురం సిస్టర్

ఎక్కడైనా చేయించుకోవచ్చమ్మా, కానీ పిండాన్ని ఉంచబోయే డాక్టరే స్వయంగా లోపల చూస్తే మంచిది, కాబట్టి విశాఖలోనే చేయించుకోండి. నెలసరి ఆగిన రెండు మూడు రోజులకు తేదీ తీసుకోండి. లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి క్షయ పరీక్షకు పంపమని ముందే చెప్పండి, ఒకసారి మత్తు ఇచ్చాక రెండు పనులూ అయిపోతాయి. మీ వారి సికిల్ కార్డు మరచిపోవద్దు.